పాము చెవులు

సినిమా ఇంకా లేదు. పోస్టర్ మాత్రం వచ్చేసింది.

సినిమా పేరు ‘సాంచా రాగం’. సాంచా అంటే మరమగ్గం. దర్శకుడు వరుణ్, సూరత్‌లో ఫిల్మ్ కోర్సు చివరి ఏడాది విద్యార్థి, రైల్వే ఉద్యోగి భుజంగరావుగారి ఒక్కగానొక్క కొడుకు. విద్యార్థులంతా తలా ఒక ట్రైలర్ చేసి కాలేజీ హాల్లో చూపించాలి. నెగ్గిన ఒక్క ట్రైలర్‌కే పూర్తి సినిమా తీసే అవకాశం. మిగిలినవాళ్లు పెళ్లి వీడియోలు తీసుకోవచ్చు. వరుణ్‌కు ఆ అదృష్టం కూడా లేదు. నెగ్గకపోతే రైల్వే పరీక్షలకు కూర్చోబెడతానని తండ్రి ముందే చెప్పేశాడు.

అందుకే ప్రచారం గట్టిగా మొదలైంది. పోస్టర్ మీద అక్షరాల రంగు గురించి మూడు వారాలు చర్చలు జరిగాయి. టీ షర్టులు, బ్యాడ్జీలు, బైకులకు అతికించే స్టిక్కర్లు తయారయ్యాయి. కథ ఒక్కటే రావాల్సి ఉంది.

కథంటే పెద్దగా ఏమీ లేదు. సాంచాల చప్పుడులో గొప్ప సంగీతం దాగుందని వరుణ్ నమ్మకం. బమ్రోలి రోడ్డులో బైకు మీద వెళ్తూ ఆ చప్పుడును ఓసారి అర నిమిషం విన్నాడు. ఆ అర నిమిషానికే కళాకారుడైపోయాడు.

ఎడిటర్ కీర్తిని వెంటబెట్టుకుని ఓ కార్ఖానాకు వెళ్లాడు. నలభై సాంచాలు ఒక్కసారిగా ఆడుతున్నాయి. వరుణ్ గొంతు చించుకుని అరిచింది పక్కనే ఉన్న కీర్తికి వినపడలేదు. మూడు సాంచాల అవతల ఉన్న రాజలింగం మాత్రం వరుణ్ మొహం వంకే చూస్తూ ప్రతి మాటకూ జవాబిచ్చాడు.

“కాకా, ఎన్నేళ్లుగా చేస్తున్నావు?”

“ముప్పై ఏండ్లు సారు!”

“ఊరేది?”

“జగిత్యాల దిక్కు!”

వరుణ్ ఒళ్లు పులకరించింది. “చూశావా యార్! అంత గోలలో కూడా ఒక్క ముక్క వదల్లేదు. ఆయనవి పాము చెవులు!” అన్నాడు బయటికొచ్చాక.

అక్కడికక్కడే రాజలింగానికి ధ్వని సలహాదారు పదవి ఖాయమైంది. నేత కార్మికుడి వేషం ఇవ్వలేదు. దానికోసం రోజూ జిమ్‌కు వెళ్లే శ్రీహర్ష ఉన్నాడు.

సెలవురోజు చూసుకుని వరుణ్, కీర్తి ట్రైలర్ కోసం రికార్డు చేసిన సాంచాల చప్పుడును లాప్‌టాప్‌లో పెట్టుకుని రాజలింగం గదికి వెళ్లారు. అతని భార్య సారక్క చాయ్ ఇచ్చింది. సంగతి విని కంగారుపడింది.

“గీ పని గాయినకు వద్దు బిడ్డా. ఇంకెవ్వలనన్న అడుగరాదు.”

“మీవాళ్లకు మొహమాటం ఎక్కువ చిన్నమ్మా,” అన్నాడు వరుణ్ ముచ్చటపడుతూ. ఆమె ఇంకేదో చెప్పబోయింది. అప్పటికే అతను హెడ్‌ఫోన్లు తీసి రాజలింగం తలకు తగిలించేశాడు.

రాజలింగం స్క్రీన్ మీద చప్పుడుకు తగ్గట్టు ఎగిరిపడే ఆకుపచ్చ గీతలనే చూస్తూ కూర్చున్నాడు. గీతలు పొట్టిగా ఉంటే పెదవి విరిచాడు. నిలువునా లేస్తే తలూపాడు.

“గిప్పుడు మంచిగున్నది సారు! అచ్చం మా కార్ఖానానే!” అని ఇల్లెగిరేలా అరిచాడు.

ట్రాక్ అయిపోయింది. హెడ్‌ఫోన్లు తీసేశాడు. వరుణ్ భావావేశంతో కిటికీ దగ్గరికి నడిచి, వీధిలోకి చూస్తూ, “కాకా, ఇందులో నీకు ఏ రాగం వినిపించింది?” అని అడిగాడు.

రాజలింగం పలకలేదు. చాయ్ తాగుతూ ఉండిపోయాడు.

“ఆ మౌనం చూడు!” అన్నాడు వరుణ్ కీర్తితో గుసగుసగా. అతని కళ్లు చెమర్చాయి.

పోస్టర్ మళ్లీ ప్రింటయింది. ‘ముప్పై ఏళ్ల చెవి సర్టిఫై చేసిన శబ్దం! ధ్వని సలహాదారు: పాము చెవుల రాజలింగం.’ పర్వత్ పాటియా నుంచి కాలేజీ గేటు దాకా గోడ కనిపిస్తే చాలు, అదే. ట్రైలర్ చివర్లోనూ ఆ లైను పడి తీరాలని వరుణ్ ప్రదర్శన రోజు ఉదయం పట్టుబట్టాడు. కీర్తి క్యాంటీన్‌లో కూర్చుని, తిట్టుకుంటూ లైను ఎక్కించి, కొత్త కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టింది. ఒకసారి వేసి చూసుకునే తీరిక లేదు. టీ షర్టులు పంచాలి కదా.

సాయంత్రానికి హాలు నిండింది. రాజలింగం సగం రోజు పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు వరుసలో వరుణ్ పక్కన కూర్చున్నాడు. కీర్తి వేదిక మెట్ల దగ్గర నిలబడింది.

లైట్లు ఆరాయి. తెర మీద సాంచాలు కదిలాయి. దారాలు పరుగెత్తాయి. శ్రీహర్ష మెడ నరాలు ఉబ్బేలా పెద్ద డైలాగు చెప్పాడు.

ఒక్క ముక్క వినపడలేదు. ఉదయం హడావిడిలో కీర్తి శబ్దం కలపకుండానే కాపీ తీసేసింది. రెండు నిమిషాల ట్రైలర్ సాంతం మూగగా నడిచింది. చివర్లో ‘ముప్పై ఏళ్ల చెవి సర్టిఫై చేసిన శబ్దం!’ అన్న అక్షరాలు, మూడు వారాలు ఆలోచించిన ఆ రంగులోనే, తెర నిండా పడ్డాయి. హాలంతా ఒక్కసారిగా ఈలలు, నవ్వులు.

లైట్లు వెలిగాయి. ఆ గేలి భరించలేక కీర్తి రెండు చెవులూ మూసుకుని మెట్ల మీద కూలబడింది. జడ్జీలు చేతిలోని కాగితం మీద ఒక పేరు కొట్టేశారు. వరుణ్ మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఈసారి నటన కాదు, పాపం, నిజంగానే ఏడ్చాడు.

రాజలింగం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. హాలు మొత్తమ్మీద కొట్టింది అతనొక్కడే. తర్వాత వరుణ్ గడ్డం పట్టుకుని, ముఖం తనవైపు తిప్పుకుని, సంతోషంగా అరిచాడు:

“ఏడుస్తవేంది సారు, చప్పుడు మస్తుగొచ్చింది, జర ఎక్కువే అయినట్టున్నది, గా కీర్తి బిడ్డ చెవులు గూడ మూసుకున్నది!”