గోడ వెనక చోటు

ఆ పొద్దున మబ్బులు పడమటి నుంచి మందలా తరుముకొచ్చాయి. చెట్ల ఆకులు వెల్లకిలా తిరిగి తెల్లగా కనిపిస్తున్నాయి. సైకిలు పందెం చివర్లో ఎదురుగాలి తప్పదు.

బయల్దేరే గీత దగ్గర అక్క కంచె పట్టుకుని నిలబడింది.

"ఏరా, ఆ మొహమేంటి, పరీక్ష తప్పినట్టు?"

తమ్ముడు బ్రేకు నొక్కి చూసుకున్నాడు. ఈ ఏడాది ఒక్క పందెమూ గెలవలేదు. ఇవాళ కూడా ఇంతే అయితే వేరే పని వెతుక్కోమని కోచ్ మొహం మీదే చెప్పేశాడు.

బావ సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ఆ వీపు చూసి అందరూ అతన్ని 'గోడ' అంటారు. గాలి కోయడం అతని పని. చివరి కిలోమీటరులో ముందుండి గాలంతా తనే తింటాడు. వెనక నక్కిన తన జట్టువాడు ఊపిరి దాచుకుంటాడు. గీత దగ్గర పడగానే గోడ పక్కకి తప్పుకుంటుంది, వెనకవాడు దూసుకుపోతాడు. గోడ మాత్రం వెనక్కి చూడకూడదు. చూస్తే చక్రం వంకర పోతుంది.

"ఇవాళైనా గెలుస్తావట్రా బామ్మర్దీ?"

"అంతా నీ దయ బావా."

"నా దయ మీ అక్క దగ్గరే చెల్లదు," అని నవ్వాడు బావ.

చివరి మలుపు. చక్రాల హోరు. బావ వీపు వెనక చోటు కోసం తమ్ముడు ఒకణ్ణి భుజంతో నెట్టి దూరాడు. తలుపు మూసినట్టు గాలి ఆగిపోయింది.

"ఉన్నావా?" బావ కేక.

"ఊఁ," అన్నాడు తమ్ముడు. అంతకంటే మాట పెంచలేదు.

బావ లేచి తొక్కాడు. పిక్కల మీద నరాలు తాళ్లలా తేలాయి. సంసారమంతా వెనక కట్టుకున్నట్టు లాగాడు. లాగి, పక్కకి తప్పుకున్నాడు.

తమ్ముడు దూసుకెళ్లి గీత దాటాడు. చక్రం తేడాతో మొదటివాడు!

వెనక బావ నోరు తెరిచి చూస్తున్నాడు. ఆయాసం మరి.

అక్క చప్పట్లు కొట్టింది. మొగుడి మొహం చూసి సగంలో ఆపింది.

"నీ వల్లే బావా! జన్మలో మర్చిపోను!"

"నువ్వు మర్చిపోయినా నన్నెవరూ మర్చిపోనివ్వర్లే," అన్నాడు బావ.

"ముందు భోజనానికి పదండి," అంది అక్క.

ఇంట్లో ముగ్గురూ తలెత్తకుండా తింటుంటే, కిటికీ అవతల తాడు మీద బావ జట్టు నీలం చొక్కా పక్కనే, ఎదుటి జట్టు వాడైన తమ్ముడి ఎర్రచొక్కా ఆరుతోంది.