శౌరమ్మ చిల్లు రూపాయి

“చిల్లు పడ్డాక అది నాణెం కాదమ్మా, బొత్తాం.”

రెండేళ్ల కిందట ఈ మాట అనేసి వెళ్లిపోయిన ఇంటి ముందే రామకోటేశ్వరరావు గారు మళ్లీ కారు ఆపారు. గన్నవరం దాటాక, కాలవ పక్కన రెండు గదుల డాబా. వరండాలో మిషను మీద జాకెట్టు కుడుతున్న తెరేసమ్మ తలెత్తి చూసింది. లేవలేదు.

ఆయన కంకిపాడులో పాతికేళ్లు రైసుమిల్లు నడిపిన మనిషి. గుప్పెడు బియ్యంలో నాలుగు నూకలు కనబడితే బస్తా మొత్తం పక్కన పెట్టించేవారు. మిల్లు అల్లుడికి అప్పగించి బెజవాడ వచ్చేశాక, నూకలు ఏరే పని లేక నాణేల మీద పడ్డారు. ఏడాది తిరక్కుండా నాణేల సేకర్తల సంఘానికి అధ్యక్షులైపోయారు.

ఆయన సేకరించేది ఎడ్వర్డు రాజు బొమ్మ వెండి రూపాయలు. 1903 నుంచి 1910 దాకా ఏడాదికొకటి చొప్పున ఎనిమిది ఉండాలి. ఉన్నవి ఏడు. ఒక్క గీత లేకుండా, నూరేళ్లు దాటినా నిన్ననే అచ్చు వేసినట్టు మెరిసేవి. ఏడూ ఒక్క వ్యాపారి దగ్గరే కొన్నారు. 1909ది కూడా తెచ్చిస్తానన్న ఆ వ్యాపారి ఎందుకో ఫోను ఎత్తడం మానేశాడు. వేరేచోట దొరికినవాటిలో ఒకటి అరిగిపోయింది, ఒకటి అంచు నొక్కుకుపోయింది. తెరేసమ్మ దగ్గరున్నదానికి చిల్లు.

అలాంటివి ఆయన గుమ్మం తొక్కనివ్వరు. బ్యాంకులో పనిచేసే చక్రి ఒక ఆదివారం సంఘానికి తన సెట్టు తెచ్చాడు. అందులో ఒకటి అరిగిన నాణెం.

“సెట్టు నిండుద్ది కదండీ. కాస్త అరిగితే రూపాయి కాకుండా పోద్దా?” అన్నాడు.

“ఒక్క రాయే కదా అని పప్పు ఏరకుండా వండేస్తామా?” అన్నారు రామకోటేశ్వరరావు గారు.

అంతటితో ఊరుకోలేదు. లోపమున్న నాణెం ప్రదర్శనలో పెట్టకూడదని తీర్మానం ప్రవేశపెట్టి గంటన్నర మాట్లాడారు. ఇడ్లీలు చల్లారిపోతున్నాయని అందరూ చేతులెత్తేశారు. తీర్మానం ఏకగ్రీవమైంది. చక్రి తన సెట్టు సంచిలో పెట్టుకుని టిఫిన్ తినకుండానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు సంఘానికి పాతికేళ్లు నిండాయి. పెద్ద ప్రదర్శన. పూర్తి సెట్టుకే బహుమతి. బహుమతి నిర్ణయించడానికి, నాణేల పరీక్షలో పేరున్న శాలిని గారు హైదరాబాదు నుంచి వస్తున్నారు. అధ్యక్షుడి సెట్టులోనే ఖాళీ ఉంటే ఏం మర్యాద? మూడు రోజులు ఆయనకు అన్నం సయించలేదు. నాలుగో రోజు కారు గన్నవరం వైపు తిరిగింది.

“బొత్తాం కావాల్సొచ్చిందా అండీ?” అంది తెరేసమ్మ.

ఆయన నవ్వబోయి ఊరుకున్నారు. “అది మనసులో పెట్టుకోకమ్మా. నువ్వెంతంటే అంత ఇస్తాను.”

“అమ్మనండి. అది మా అమ్మమ్మ శౌరమ్మది. మొదటిసారి నాట్లకెళ్తే, నాట్లయ్యాక చేతిలో పెట్టిన రూపాయంట. ఖర్చు పెట్టబుద్ధి కాక చిల్లు పొడిపించి మెళ్లో కట్టుకుంది. పోయేదాకా తియ్యలేదు.”

“పోనీ, నాలుగు రోజులు ఇవ్వు. నా చేతుల్తో తెచ్చిస్తా.”

తెరేసమ్మ దారం కొరికి, జాకెట్టు మడిచి పక్కన పెట్టింది. లోపలికెళ్లి గుడ్డలో చుట్టిన రూపాయి తెచ్చింది.

“పక్కన మా అమ్మమ్మ పేరు రాయండి. అది చాలు.”

“ఎందుకు రాయనూ? పెద్దక్షరాలతో రాయిస్తాను.”

రాయించలేదు. పేరు రాస్తే కథ చెప్పాలి. కథ చెబితే చిల్లు సంగతీ చెప్పాలి. ఇంటికొచ్చి ఎనిమిది రూపాయలూ చెక్క ఫ్రేములో అమర్చారు. చిల్లు రాజుగారి నెత్తి పైన, అంచు దగ్గరుంది. సరిగ్గా దాని మీదికి ఇత్తడి క్లిప్పు వచ్చేలా బిగించి అద్దం వేశారు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు. నిండుగా ఉంది. ఆ పూట అన్నం సయించింది.

ప్రదర్శనకు తెరేసమ్మ కూడా వచ్చింది, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని. ఫ్రేము ముందు నిలబడి ఈ చివర నుంచి ఆ చివరకు పేరు కోసం వెతికింది. రామకోటేశ్వరరావు గారు ఆమెను చూడనట్టు అటు తిరిగారు.

శాలిని గారు చేతిసంచిలోంచి భూతద్దం, చిన్న తూకం మిషను తీశారు. “అద్దం తీయించండి.”

“తీయాలామ్మా? దుమ్ము పడుద్ది.”

“తీయాలండీ.”

స్క్రూడ్రైవర్ లేదన్నారు ఆయన. తన దగ్గరుందని చక్రి తెచ్చిచ్చాడు.

శాలిని గారు ఒక్కోటీ తీసి, తూచి, అంచులు చూసి, ఏదో రాసుకున్నారు. క్లిప్పు గట్టిగా ఉన్న 1909దాన్ని ఆఖరుకు ఉంచారు. రామకోటేశ్వరరావు గారి కళ్లు మాత్రం మొదటి నుంచీ దాని మీదే ఉన్నాయి.

క్లిప్పు ఊడింది. చిల్లు బయటపడింది. సంఘం మొత్తం మెడలు సాచింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. “నాణెమన్నాక నలుగురి చేతులూ మారుద్ది కదమ్మా. చిన్న చిన్నవి పట్టించుకుంటూ కూర్చుంటే ఎవరి సెట్టయినా నిండుద్దా?”

చక్రి కార్యదర్శి వైపు చూశాడు. తీర్మానం రాసిన కార్యదర్శి కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు.

శాలిని గారు చిల్లు రూపాయిని తూచారు. భూతద్దం కింద తిప్పి తిప్పి చూశారు.

“ఇది ఎవరిదండీ?”

ఆయన ఊడిన ఇత్తడి క్లిప్పును జేబులో వేసుకున్నారు.

“మా అమ్మమ్మదండి,” అంది వెనక నుంచి తెరేసమ్మ.

శాలిని గారు లేచి వెళ్లి ఆ రూపాయిని ఆమె అరచేతిలో పెట్టి, “జాగ్రత్తగా దాచుకోండమ్మా, ఈ ఎనిమిదింటిలో అసలుది ఇదొక్కటే” అన్నారు.