సీటూ, స్టేల్‌మేటూ

"వెనక్కి తీయను" అన్నాడు జగ్గయ్యపేట నుంచి వస్తున్న బస్సు డ్రైవరు కృపారావు.

"నువ్వు తీసేదాకా నేనూ కదలను" అన్నాడు నందిగామ నుంచి వస్తున్న బస్సు డ్రైవరు దశరథరామయ్య.

సాగర్ కాలవ మీద ఇరుకు వంతెన. ఒక్క బస్సుకే దారి. నడిమధ్యలో రెండు బస్సులూ ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడ్డాయి. చిల్లకల్లు దగ్గర హైవే మీద లారీ అడ్డంగా పడిందని ఇద్దరూ ఈ కట్టదారి పట్టారు. ముందెక్కింది నేనంటే నేనని ఇద్దరి వాదన. వెనక్కి తీసినవాడు రేపు టీ కొట్టు దగ్గర తలెత్తుకోలేడు. గేరు మార్చండయ్యా అంటే గీర చూపిస్తున్నారు. వంతెన మీద వంతెవరిదో తేలడం లేదు.

పేట బస్సులో ఉన్న రత్నబాబుకి చెమటలు పోస్తున్నాయి. పదింటికి నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసు చెప్పాలి. బాగా చెబితే ఇంగ్లీషు టీచరు పోస్టు. ఆలస్యమైతే అసలు రావద్దన్నారు. ఇప్పటికే తొమ్మిది దాటింది. దిగి ఇంకోటి ఎక్కుదామన్నా లేదు. మోపెడ్‌ని రెయిలింగు పక్కగా ఈడ్చుకుపోతున్న ఒకాయన, లారీని లాగేశారనీ, ఇక ఈ కట్ట మీదికి ఏ బండీ రాదనీ చెప్పిపోయాడు.

"దీన్నే స్టేల్‌మేట్ అంటారు" అని గొణిగాడు రత్నబాబు. ఆ రోజు పాఠంలో అతను అర్థమూ ప్రయోగమూ చెప్పాల్సిన మాట కూడా అదే.

పక్కసీటులో ఆదెమ్మ అతని వైపు తిరిగింది. "అదేవన్నా రోగవా బాబూ?"

"చదరంగంలో మాట మామ్మా. రాజుని ఎవరూ కొట్టట్లేదు. కదుల్దామంటే గడి లేదు. ఆట అక్కడితో ఆగిపోద్ది."

"ఓడినట్టా, గెలిచినట్టా?"

"రెండూ కాదు."

"నాకూ మా కోడలికీ ఎప్పుడూ అదే. పొద్దున్నే పొయ్యి ఎవరం ఎలిగించం."

అర్థం చెప్పీ చెప్పకముందే ప్రయోగం వచ్చేసింది. స్కూలు పిల్లలూ ఇంత చురుగ్గా ఉంటే ఉద్యోగం ఖాయమనుకున్నాడు రత్నబాబు. ఆ హుషారులోనే అతనికో ఆలోచన తట్టింది. బస్సులు దాటకపోతే ఏం, జనం దాటితే సరి. వీళ్లు వాళ్ల బస్సెక్కాలి, వాళ్లు వీళ్ల బస్సెక్కాలి. రెండు బస్సులూ ఒకేసారి వెనక్కి వెళ్లి, తిరిగి, వచ్చిన ఊరికే పోవాలి. ఎవరి పరువూ పోదు.

కండక్టర్లు టికెట్ల సంగతి చూసుకుంటామన్నారు. అంతే, మూటలూ ముల్లెలూ పట్టుకుని జనం సీట్ల కోసం పరుగెత్తారు. రత్నబాబు అందరికంటే ముందు కిటికీలోంచి తన సర్టిఫికెట్ల ఫైలు విసిరి సీటు ఆపుకున్నాడు. డ్రైవర్లకి సర్దిచెప్పి రావాలి కాబట్టి, పక్కన చేరిన ఆదెమ్మకి కాపలా అప్పగించాడు.

"ఎవరడిగినా మనిషున్నాడని చెప్పు మామ్మా. మర్చిపోకు."

"నేను చూసుకుంటాలే, నువ్వు పో."

ఇక్కడ ఇంకో ముడి పడింది. ముందు వెనక్కి కదిలేది ఎవరు? వాడు కదలకపోతే నేను మోసపోతానని ఇద్దరి భయం. మధ్యలో ఒక మనిషి నిలబడి, ఇద్దర్నీ చూస్తూ, ఇద్దరికీ కలిపి ఒకే సైగ చెయ్యాలన్నారు. ఆలోచన చెప్పినవాడికే ఆ పనీ అంటగట్టారు.

రత్నబాబు వంతెన నడుమ నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఒక్కసారి దించాడు. రెండు బస్సులూ రెండు పక్కలకీ మెల్లిగా వెనక్కి జరిగాయి. వంతెన దాటాయి. కట్ట వెడల్పైన చోటికి చేరి, ముక్కులు తిప్పుకోవడం మొదలెట్టాయి. రత్నబాబు చొక్కా సర్దుకుని, పాఠం మొదటి వాక్యం వల్లించుకుంటూ, నందిగామ బస్సు వైపు నింపాదిగా నడిచాడు.

బస్సులో నిలబడ్డవాళ్లు ఆ కిటికీ సీటు మీద కన్నేశారు. ఆదెమ్మ ఇద్దర్ని కసిరి పంపింది, మూడోవాడి మోచేతి మీద ఒకటేసింది. బస్సు తిరిగి నందిగామ వైపు నిలిచింది. కండక్టరు ఈల నోట్లో పెట్టుకోబోయి, లోపలికి ఓసారి పారజూసి ఆగాడు.

"ఆ కిటికీ సీటు ఖాళీగా ఉందేంటి? ఎవరన్నా కింద మిగిలిపోయారా?"

ఆదెమ్మ ఫైలు మీద చెయ్యేసి గట్టిగా చెప్పింది.

"ఖాళీ ఏంటయ్యా, మనిషున్నాడు. పోనీ."