బానెట్ కింద వేడి

"ఆ రంపం నా బండికి తగిలిందంటే, అమ్మాయీ, నీకూ నాకూ చుట్టరికం తెగినట్టే," అన్నాడు తౌనో, షెడ్డు గుమ్మంలో బూట్ల మంచయినా దులుపుకోకుండా.

కైసా కరెంటు రంపం కిందికి దించింది. మంచు మీద నడిచే ఆ పాత స్నోమొబైల్ పసుపుపచ్చ బానెట్ మీద అప్పటికే పెన్సిలుతో రెండు గడులు గీసి ఉంది. పక్కన బల్ల మీద ఆ గడుల్లో బిగించడానికి తెప్పించిన నల్లటి జాలీలు రెండున్నాయి.

"ఇంజను బెల్టు మార్చమని ఇచ్చాను. కిటికీలు పెట్టమన్నానా?"

"లోపలి వేడి బయటికి పోవద్దా మామయ్యా? ఈ చలికాలం ఇది నాలుగో బెల్టు. మొన్న గడ్డకట్టిన సరస్సు మధ్యలో కాలిపోతే ఆరు కిలోమీటర్లు నడిచొచ్చావు. రెండు కాలివేళ్లు నల్లబడ్డాయి. మంచు తుఫానులో కాలిపోతే ఏం చేస్తావు?"

"మంచు కరిగాక దొరుకుతాను. తొందరేముంది."

కైసా తౌనో భార్య ఐలికి అన్నకూతురు. ఊళ్లో బళ్లు బాగుచేసేది ఆమే. ఐలి పోయిన ఈ మూడేళ్లలో ముసలాడితో మాట్లాడే మనిషి కూడా ఆమె ఒక్కతే. మిగతావాళ్లు ఒకటి రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నారు.

"ఇదివరకు ఎప్పుడైనా కాలిందా బెల్టు?" అన్నాడు తౌనో.

"అప్పట్లో మంచు గట్టిగా ఉండేది. ఇప్పుడు పైన మంచు, కింద నీళ్లు. బురదలో దిగబడ్డ దున్నలా ఈడుస్తోంది బండి, పాపం. రెండు కన్నాలు పెడితే నీకు పోయేదేముంది?"

తౌనో బానెట్ ఎత్తాడు. ముందు లైటు వెనక చిన్న రేకు పెట్టె ఉంది. పెళ్లయిన ఏడాది తన చేత్తో సుత్తి పెట్టి కొట్టి చేసింది. దాని అంచుని వేలితో నిమిరాడు.

"ముప్పై ఎనిమిది చలికాలాలు మీ అత్త రొట్టె ఇందులోనే వచ్చింది. రై ధాన్యం పిండిలో చేపలు పెట్టి కాల్చిన రొట్టె. అవతలి ఒడ్డున చేపల వలల దగ్గర బండి ఆపితే పొగలు కక్కేది. తక్కినవాళ్లు గడ్డకట్టిన రొట్టెని గొడ్డలితో కొట్టుకు తింటూ మా వంక చూసేవాళ్లు. ముట్టుకుంటే చేతులు కాలతాయని ఐలి నన్ను దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. ఈ వేడిని నువ్వు ఆకాశంలోకి వదిలేస్తానంటున్నావు."

"ఇప్పుడెవరు పెడుతున్నారు రొట్టె?"

"ఎవరూ పెట్టట్లేదు. బిస్కెట్లు తింటున్నాను. అయితే?"

కైసా కాసేపు పెట్టె వైపు చూసింది. తర్వాత రంపం పక్కన పెట్టింది.

"సరే, పందెం. పొద్దున కాల్చిన రొట్టె ఉంది, అత్త నేర్పిన కొలతే. ఇందులో పెట్టి అవతలి ఒడ్డుకి పోదాం. వేడిగా ఉంటే ఈ జాలీలు చెత్తబుట్టలోకి. చల్లగా ఉంటే బానెట్ కోస్తాను."

"బుట్ట దగ్గర పెట్టుకో," అన్నాడు తౌనో.

కొత్త బెల్టు వేశారు. రొట్టెని గుడ్డలో చుట్టి తౌనోనే పెట్టెలో పెట్టాడు, నిద్రపోయే పిల్లని పడుకోబెట్టినట్టు. స్టార్టు తాడు రెండుసార్లు లాగితే ఇంజను దగ్గింది, మూడోసారికి అందుకుంది. వెనక కైసా కూర్చుంది.

సరస్సు మీద ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. పెట్రోలు వాసన, గాజుపెంకుల్లాంటి గాలి, దూరంగా దేవదారు చెట్ల నల్లటి గీత. అన్నీ అప్పటివే. దీవి దగ్గర మలుపులో తౌనో అలవాటుగా వీపు కొంచెం వెనక్కి వాల్చాడు. వెనక కూర్చున్నది ఐలి కాదని గుర్తొచ్చి మళ్లీ నిటారుగా కూర్చున్నాడు.

అవతలి ఒడ్డున బండి ఆపి, తనే దిగి బానెట్ ఎత్తాడు. చేతులు కాలతాయని తొడుగులు తియ్యలేదు. రొట్టె తీశాడు. ఒక తొడుగు తీసి మళ్లీ పట్టుకు చూశాడు. చెంపకి ఆనించుకున్నాడు.

రాయిలా ఉంది.

"ఇంజను ముసలిదైపోయింది," అన్నాడు.

"ఇంజను మంటలా ఉంది, అటు బెల్టు వైపు చెయ్యి పెట్టి చూడు. పెట్టె ఉన్నది చలిగాలి లోపలికి జొరబడే చోట మామయ్యా. అక్కడ నీళ్లు పెడితే గడ్డకడతాయి. ఇప్పుడే కాదు, మొదట్నుంచీ అంతే."

"అబద్ధం. నేను తిన్నాను. ముప్పై ఎనిమిదేళ్లు నాలిక కాలుతుంటే తిన్నాను. నాకు మతి పోయిందంటావా?"

కైసా బూటు మడమతో మంచుని తవ్వుతూ నిలబడింది.

"చెప్పు. మతి పోయిందా నాకు?"

"చిన్నప్పుడు మీ వెనక ఈడ్పుబండిలో కూర్చుని నేనూ వచ్చేదాన్ని కదా. చెప్పొద్దని అత్త ఒట్టు వేయించుకుంది."

"ఏం చెప్పొద్దని?"

"పెట్టె పనిచెయ్యదని తెలిస్తే మీ మామయ్య మొహం చిన్నబోతుందే అనేది. నీ ఎదురుగా ఖాళీ పెట్టె మీదే బానెట్ మూసేది. పొయ్యిలోంచి తీసిన రొట్టె అప్పటికే ఆమె కోటు లోపల, పొట్టకి కట్టి ఉండేది."