గాజు పెట్టమన్న ముద్ద

ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లందరి చేతికీ మాట్లాడే గాజు ఉంటుంది. పదిహేడేళ్ల హంసిని అన్నం తింటుండగా ఆమె గాజు మళ్లీ పలికింది.

"బిడ్డ బరువు పెరగడం లేదు. తల్లికి రక్తం తక్కువగా ఉంది. ఇంకాస్త తినాలి."

"నీకేం తెలుసే, గాజుముక్కా!" అంటూ అమ్మమ్మ స్రవంతి కంచం లాగేసింది. "నిండా తింటే బిడ్డ పెద్దదవుద్ది. ఈ పుల్లలాంటి పిల్ల ఎట్టా కంటది?"

"కాన్పు కష్టమైతే ఆపరేషన్ చేస్తారు. పెద్దాసుపత్రిలో పేరు రాసి ఉంచారు" అంది గాజు.

"ఆకలేస్తోంది, అమ్మమ్మా" అంది హంసిని.

స్రవంతి చెయ్యి ఆగింది. ఇన్నేళ్లుగా ఎవరితోనూ అనని మాట నోటికొచ్చింది.

"నీ ఈడులో నన్నూ మా అమ్మ ఇట్టాగే అర్ధాకలితో ఉంచిందే. తేలిగ్గానే కన్నాను. పిడికెడంత పిల్లాడు. మూడో రోజుకి వాడికి ఏడ్చే ఓపిక కూడా లేకపోయింది."

హంసిని అమ్మమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. స్రవంతి ముక్కు తుడుచుకుని, కంచంలో మరో గరిటెడు మునగాకు పప్పు వేసి కలిపింది.

"ఇది నీ బిడ్డకి" అని ఒక ముద్ద పెట్టింది. రెండో ముద్దను కాసేపు చేతిలోనే పట్టుకుంది.

"ఇది నా పిల్లాడిది. వాడి బదులు నువ్వు తిను, తల్లీ."