అంచున కనిపించిన రాత

కట్ట విప్పగానే మొదటి పత్రం అంచున భర్త చేతిరాత కనిపించింది జీలియాకు.

రైనేరి రోముకు యాత్ర వెళ్తున్నానని ఇల్లు విడిచి ఆరేళ్లయింది. మనిషీ లేడు, కబురూ లేదు. దారిలో ఎక్కడో పోయాడని బొలోన్యాలో రాతగాళ్ల వీధి మొత్తం ఎప్పుడో తేల్చేసింది. తేల్చనిది చర్చి ఒక్కటే.

"అందరూ అనుకుంటే సరిపోదమ్మా, రూఢి కావాలి" అనేవాడు ఫాదర్ గెరార్దో. "నేను నీకు రెండో పెళ్లి చేశాక వాడొచ్చి గుమ్మంలో నిలబడితే నీ గతేంటి, నా గతేంటి?"

ఆమెను చేసుకోవాలని తోలు పత్రాలు తయారుచేసే ఉబాల్దో ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు. మేకతోళ్లను సున్నంలో నానబెట్టి, చట్రానికి బిగించి గీకే పని అతనిది. ఆ పని చేసేవాళ్లకు ఓపిక ఎక్కువ. అయినా ఈమధ్య అతనూ నిట్టూరుస్తున్నాడు.

విచిత్రమేమిటంటే, జీలియా అప్పుడు నకలు రాస్తున్నది చర్చి ధర్మశాస్త్రాన్నే. పుస్తకాల వ్యాపారి బోన్‌ఫీలియో కొట్లో అసలు ప్రతిని కట్టలుగా విడదీసి ఒక్కొక్కటే అద్దెకిస్తారు. రాసిన కట్టను అక్కడికే పంపితే, అసలుతో సరిచూసి తిరిగిస్తారు. ఆమె ఇప్పుడు పెళ్లిళ్ల భాగం రాస్తోంది. భర్త జాడ తెలియకపోతే భార్య ఎదురుచూడాలి. భర్తకు కుష్ఠు వచ్చినా భార్య విడవకూడదు, వెంట వెళ్లాలి. భర్త చెరలో పడ్డా అంతే. తన కాళ్లకు తానే సంకెళ్లు బిగించుకుంటున్నట్టు ఉండేది ఆమెకు.

"ఇవన్నీ రాసినాయనకి పెళ్లాం ఉండేదంటావా?" అని అడిగింది ఓసారి.

"ఉంటే ఇంత రాసే తీరిక ఎక్కడిది?" అన్నాడు ఉబాల్దో.

సరిచూసి వచ్చిన కట్ట అంచుల్లో ఇప్పుడీ దిద్దుబాట్లు. అక్షరాలు వణికి ఉన్నాయి, కొన్ని వంకర పోయాయి. కానీ తోకను ఎడమకు మెలిపెట్టే ఆ అలవాటు రైనేరిదే. ఆమెకు రాత నేర్పింది అతనే మరి. మాచికాయ, అన్నభేది కలిపిన సిరా రాసిన కొత్తలో పలచగా ఉండి, రోజులు గడిచేకొద్దీ నల్లబడుతుంది. ఈ సిరా ఇంకా పలచగానే ఉంది.

కట్ట పట్టుకుని కొట్టుకు పరుగెత్తింది.

"బాబాయ్, ఇవి ఎవరు రాశారు?"

ముసలి బోన్‌ఫీలియో పత్రాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. సిలువ గుర్తు వేసుకున్నాడు. "నేను సరిచూసినప్పుడు అంచులు ఖాళీగా ఉన్నాయే తల్లీ."

"ఇది మా ఆయన రాత."

"పోయినవాడు కలమెలా పట్టుకుంటాడే?" అన్నాడు. ఆమె ముఖంలోకి మాత్రం చూడలేదు.

తర్వాతి కట్టా అలాగే వచ్చింది. దాంతోపాటు ఏదో పొగవాసన. జీలియాకు తిండి సయించలేదు. ఇల్లంతా అతనే ఉన్నట్టు, వెనక నిలబడి తన రాతను తొంగిచూస్తున్నట్టు అనిపించేది. చివరికి తెగించి, మూడో కట్టలో కావాలనే ఒక పదం వదిలేసింది.

కట్ట తిరిగొచ్చేసరికి, ఆ పదం ఉండాల్సిన చోటి పక్కన అంచున ఇలా ఉంది: "ఈ తప్పు నువ్వు చేసేది కాదు."

జీలియా ఆ పత్రాన్ని గుండెలకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. భయంతోనా, బెంగతోనా అంటే ఆమెకే తెలియదు. ఉబాల్దో గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నేనంటే కోపమేమో వాడికి" అన్నాడు మెల్లగా. "వద్దంటే చెప్పు జీలియా, వెళ్లిపోతాను."

ఆమె పత్రాన్ని కట్టలో సర్ది, మళ్లీ కలం అందుకుంది.

నాలుగో కట్టలో దిద్దుబాట్లు లేవు. ఆఖరి పత్రం అడుగున ఒకే ఒక్క వాక్యం ఉంది: "జీలియా, నా ఆత్మ కోసం పూజ పెట్టించు."

ఫాదర్ గెరార్దో వచ్చి ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. పత్రాన్ని ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆయన ముఖం పాలిపోయింది.

"పొగ" అన్నాడు. "పాపాలు కాలే చోటి నుంచి వచ్చిందమ్మా ఇది. ఉత్తరించు స్థలంలో ఉన్నాడు నీ భర్త."

"బతికే ఉన్నాడేమో ఫాదర్" అంది జీలియా. ఆ మాట ఆశో దిగులో ఆయనకు అంతుపట్టలేదు.

"బతికున్నవాడైతే ఇంటికొస్తాడు గానీ, పత్రాల అంచుల్లోకి వస్తాడా? బతికున్నవాడు ఆత్మకి పూజలు అడుగుతాడా?" ఫాదర్ గొంతు మెత్తబడింది. "రూఢి కావాలన్నాను కదా, అయింది. పాపం, తనే వచ్చి చెప్పాడు."

పుస్తకం పరాయివాళ్లది కాబట్టి ఆ వాక్యాన్ని గీకెయ్యాలి. జీలియా కత్తి ఆనించింది. మళ్లీ బల్ల మీద పెట్టేసింది. ఉబాల్దో కత్తి తీసుకుని, తన చేత్తో తయారుచేసిన ఆ తోలు మీద నుంచి ఒక్కో అక్షరాన్నీ నొప్పి పుట్టకూడదన్నట్టు గీకాడు. ఆ కాసేపూ జీలియా అతని భుజం మీద తల ఆనించి ఉంది.

రైనేరి కోసం పూజ జరిగింది. ఆ వారంలోనే పెళ్లీ జరిగింది. విందులో అందరికంటే ఎక్కువ ఏడ్చింది బోన్‌ఫీలియో. వయసు మీదపడిందని నవ్వుకున్నారు జనం.

విందు నుంచి అతను తిన్నగా ఊరి గోడ దాటి, బయటికొచ్చే ప్రతి వస్తువుకీ పొగ పట్టించి పంపే కుష్ఠురోగుల ఆశ్రమం ముందు, ఇన్నాళ్లూ కట్టలు పెట్టిన బండ మీదే ఓ పెళ్లి రొట్టె పెట్టి, అలవాటుగా దూరం జరిగి నిలబడి, "పెళ్లయిపోయింది రైనేరీ, ఇక ఆ పిల్ల నీ వెంట ఇక్కడికి రావక్కర్లేదు" అన్నాడు.