నలభై రెండు మెట్లు

నవల అచ్చుకు వెళ్ళేలోపు చేయాల్సిన పనులు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకుంది రచయిత్రి.

ముఖచిత్రం ఖాయం చేయాలి.

ముందుమాట కోసం మాస్టారికి మళ్ళీ ఫోన్ చేయాలి.

తొమ్మిదో అధ్యాయం తగ్గించాలి.

మొదటి కాపీ నాన్న చేతిలో పెట్టాలి, ఆయనకు చదవడం రాకపోయినా సరే.

కృత్రిమ కాలుతో నడిచే మనిషిని, అందులోనూ అమ్మది ఒక భాష, నాన్నది ఇంకో భాష అయిన ఇంట్లో పెరిగిన మనిషిని వెతికి, నవల చదివించి, తప్పులు చెప్పించుకోవాలి.

చివరిదాని కింద రెండు గీతలు గీసింది. నవల్లో కథానాయిక అలాంటి అమ్మాయి. రచయిత్రి కాదు.

తప్పు రాస్తే ఆ బతుకు తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు, తెలియనివాళ్ళు నమ్మేస్తారు. ఆ రెండోదంటేనే ఆమెకు భయం.

రెండు ఆసుపత్రులు, ఒక సంఘం ఆఫీసు తిరిగింది. ఎవరూ దొరకలేదు.

ఆ సాయంత్రం మెట్ల మీద మళ్ళీ అదే గొణుగుడు వినిపించింది.

ప్రెస్సు నుంచి ప్రూఫులు తెచ్చే ఆవిడ. ఇది ఏడోసారి రావడం. లిఫ్టు లేదు, ఇల్లు మూడో అంతస్తు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నట్టు గొణుక్కుంటూ, పెళ్ళి నడకలు నడుస్తూ ఎక్కుతుంది.

"ఇంకాస్త ఆగితే నేనే కిందికి వచ్చేదాన్ని," అంది రచయిత్రి.

"మీకెందుకు మేడమ్ ఆ శ్రమ, నేనున్నాగా." ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "బస్సులో ఏడో అధ్యాయం చూశాను. మీ అమ్మాయి ఇంతవరకూ ఒక్కసారీ నవ్వలేదేంటండీ?"

"ఆమె కష్టం అలాంటిది."

"కష్టం ఉంటుందండీ. పొద్దస్తమానం ఏడుస్తూ కూర్చుంటే మరి వంటెవరు చేస్తారు?"

రచయిత్రికి నవ్వొచ్చింది. ఆపుకుంది.

"రెండు భాషల మధ్య నలిగిపోయిందని రాశారు. నలగడమెందుకు? తిట్టడానికొకటి, లెక్కలకొకటి. హాయి కదా."

"ఇది సీరియస్ నవలండీ."

"అవునవును." ఆవిడ గోడ మీది కాగితం చూసింది. "ఆ చివరి మనిషి దొరికారా?"

"లేదు. వెతుకుతున్నాను."

"దొరుకుతారులెండి."

అని, ఇంకేదో అడుగుతారేమో అన్నట్టు కాసేపు నిలబడింది.

రచయిత్రి అప్పటికే కాగితాలు తిప్పుతోంది. ఒక చోట మార్జిన్‌లో పెన్సిల్‌తో సన్నటి అక్షరాలు: 'మీ అమ్మాయి అడుగులు ఏ భాషలో లెక్కపెట్టుకుంటుంది?'

అడుగులు ఎవరైనా లెక్కపెట్టుకుంటారా? రబ్బరు తీసుకుని చెరిపేసింది.

గొణుగుడు మెల్లగా మెట్లు దిగిపోయింది. రచయిత్రి ప్రెస్సు యజమానికి ఫోన్ చేసింది.

"మనిషి మంచిదేనండీ. కానీ ఫోన్లో కబుర్లు ఆగవు, కాలు కదలదు. ఇంకెవరినైనా పంపండి."

నాలుగు రోజులు ప్రూఫులు రాలేదు. అయిదో రోజు బైండరు తెచ్చాడు. వస్తూనే గుమ్మంలో చతికిలబడ్డాడు.

"నలభై రెండు మెట్లమ్మా. ఆవిడ చెబితే నమ్మలేదు. లెక్క సరిగ్గా సరిపోయింది."

"ఆవిడేరీ?"

"మానేసి నాన్నవైపు వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. అక్కడ బళ్ళో పని ఎప్పుడో వచ్చింది. మీ పుస్తకం అయ్యేదాకా ఉంటానని ఆగింది. యజమాని మీ మాట చెప్పాక, ఇంకెందుకులే అంది."

రచయిత్రికి ఇబ్బందిగా అనిపించింది. "ఎంతసేపూ ఫోన్లోనే ఉంటే నేనేం చేయను?"

"ఫోనా? డ్యూటీ అయ్యేదాకా మా ఫోన్లన్నీ యజమాని డ్రాయర్లోనే ఉంటాయమ్మా."

"మరి మెట్ల మీద ఎవరితో మాట్లాడేది?"

"ఎవరితోనూ కాదు. మెట్లు లెక్కపెట్టుకునేది. ఎక్కేటప్పుడు వాళ్ళ నాన్న భాషలో, దిగేటప్పుడు వాళ్ళమ్మ భాషలో."

రచయిత్రి గోడ మీది కాగితం వైపు తిరిగింది. ఆమె వేలు పెట్టిన చివరి పంక్తి చదివి, అవునన్నట్టు బైండరు తలూపాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"వెళ్ళేరోజు నేనూ అదే అన్నానమ్మా. అడిగితే చెప్పేదాన్ని అంది."

"ఏ ఊరు?"

"మేమూ అడగలేదమ్మా. ఫోన్ చేస్తే మోగట్లేదు."

రచయిత్రి యజమానికి ఫోన్ చేసింది.

"అచ్చు ఆపండి. నాకు రెండు నెలలు కావాలి."

"ముఖచిత్రం కూడా అయిపోయింది కదమ్మా."

"తెలుసు. ఆపండి."

చెరిపేసిన చోట పెన్సిల్ నొక్కు ఇంకా కనిపిస్తోంది. అక్కడ మొదలుపెట్టి ఏడో అధ్యాయం మొత్తం తిరగరాసింది. ఈసారి ఆ అమ్మాయి ఒక భాషలో మెట్లు లెక్కపెట్టింది, రెండో భాషలో ఆ మెట్లు కట్టినవాణ్ణి తిట్టింది, పైకెక్కి నవ్వింది.

మళ్ళీ ఊరంతా తిరిగి, ఆ బతుకు తెలిసినవాళ్ళను ఇద్దరిని పట్టుకుని చదివించింది. ముందు కుర్చీ వేసి, తర్వాత అడిగింది.

"ఈ మెట్ల దగ్గర మాత్రం ఒక్క ముక్క ముట్టుకోకండి," అన్నారు ఇద్దరూ.

మొదటి కాపీ నాన్న చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి, చివరి పేజీ మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ ఇంత చిన్నగా ఏం రాశావే?"

ఆమె చదివి వినిపించింది:

"ఏడుసార్లు నా గుమ్మంలో నిలబడిన ప్రూఫులావిడ పేరు నేను అడగలేదు, ఒక్కసారీ కూర్చోమనలేదు. ఈ అమ్మాయి మెట్లు లెక్కపెట్టే చోట మీకు నవ్వొస్తే, దయచేసి ఆవిడను తలుచుకోండి. నేను ఊరంతా వెతుకుతున్న మనిషి ఆవిడే, ఆ నలభై రెండు మెట్లూ కృత్రిమ కాలుతో ఎక్కి వచ్చింది."